‘సీరియల్’ తర్వాత ఏం వినాలి? నేరాల పాడ్‌కాస్ట్‌లపై ఒక కోర్టు విలేకరి జవాబు

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ‘సీరియల్’ అనే అమెరికా పాడ్‌కాస్ట్ మొదటి సీజన్ నైట్ డ్యూటీల్లో వినేశారు, ఇప్పుడు అలాంటివి ఇంకేం వినాలన్నది మొదటిది. ఎవరింట్లోనో జరిగిన హత్యను కాలక్షేపానికి వినడం తప్పు కాదా అని మీ అక్క అడుగుతున్నారన్నది రెండోది. తెలుగులో ఇలాంటివి ఎందుకు రావట్లేదన్నది మూడోది. నేను చాలా ఏళ్లు జిల్లా కోర్టు బీట్ చూసిన విలేకరిని. పాడ్‌కాస్ట్‌లు కూడా అదే అలవాటుతో వింటాను. ఇది చేసినవాళ్లు సొంతంగా ఏం పని చేశారు? కేసు కాగితాలు తిరగేశారా, సాక్షుల గుమ్మం దాకా వెళ్లారా, లేక ఎవరో రాసింది చదివి వెనక సంగీతం పెట్టారా? మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే మొదలవుతుంది.

ఒక్కటే వినే తీరిక ఉంటే ‘ఇన్ ద డార్క్’ రెండో సీజన్ వినండి. ఎందుకో చెప్పేముందు మీరు విన్న ‘సీరియల్’ గురించి కొంత మాట్లాడాలి.

‘సీరియల్’ 2014 అక్టోబరులో మొదలైంది. 1999 జనవరి 13న బాల్టిమోర్ దగ్గర హే మిన్ లీ అనే హైస్కూలు అమ్మాయి మాయమైంది. నెల తిరక్కుండానే లీకిన్ పార్కులో ఆమె శవం దొరికింది. అంతకుముందు ఆమెతో ప్రేమలో ఉన్న అద్నాన్ సయ్యద్‌కు 2000లో యావజ్జీవం, దానిపైన ఇంకో 30 ఏళ్ల శిక్ష పడింది. విలేకరి సారా కీనిగ్ ఆ కేసును మళ్లీ తెరిచి, తన అనుమానాలన్నీ మనకు వినిపిస్తూ పన్నెండు ఎపిసోడ్లు నడిపింది. మీకు నచ్చింది కూడా అదే అనుకుంటాను. ఒక వారం అద్నాన్ అమాయకుడనిపిస్తుంది, మరుసటి వారం అనుమానం పుడుతుంది. ప్రాసిక్యూషన్ ప్రధాన సాక్షి మాట మారుస్తుంటే, ఆ మార్పుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించిన తీరు చాలా గొప్పది. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలానికీ కోర్టులో చెప్పేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో కోర్టు హాల్లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. దాన్ని మామూలు శ్రోతకు అర్థమయ్యేలా చెప్పింది ఈ సిరీసే.

కానీ దాని లోపాలూ చిన్నవి కావు. మొదటిది, రిపోర్టింగ్ పూర్తికాకుండానే ఎపిసోడ్లు విడుదల చేయడం మొదలుపెట్టారు. ఒకవైపు వింటున్న జనం ఇంటర్నెట్‌లో సాక్షుల వివరాలు తవ్వుతుంటే, మరోవైపు అదే కేసు మీద రిపోర్టింగ్ నడుస్తోంది. రెండోది, సెల్‌టవర్ రికార్డులు. ప్రాసిక్యూషన్ కేసులో అవి చాలా కీలకం. ఆ రికార్డులతో పాటు ఫోన్ కంపెనీ పంపిన ఫ్యాక్స్ కవర్ పేజీలో, వచ్చిన కాల్స్ ఆధారంగా ఫోను ఎక్కడుందో నమ్మకంగా చెప్పలేమని రాసి ఉంది. ఆ వాక్యం ఎంత ముఖ్యమో బయటపెట్టింది ‘సీరియల్’ కాదు. ఆ తర్వాత 2015లో ముగ్గురు లాయర్లు కలిసి మొదలుపెట్టిన ‘అన్‌డిస్‌క్లోజ్డ్’. వినడానికి అది ‘సీరియల్’ అంత హాయిగా ఉండదు, పైగా అద్నాన్ పక్షాన నిలబడి చేసింది. అయినా కాగితాన్ని చివరి వరకూ చదవడం అంటే ఏమిటో అందులో కనిపిస్తుంది.

ఇంకో మాట. మీరు సీజన్ అక్కడితో ఆపేసి ఉంటే, ఆ తర్వాత జరిగింది కూడా తెలుసుకోండి. 2022 సెప్టెంబరులో శిక్షను కొట్టేసి అద్నాన్‌ను విడుదల చేశారు. తర్వాతి నెలలో అభియోగాలూ ఎత్తేశారు. 2023లో అప్పీలు కోర్టు ఆ శిక్షను మళ్లీ నిలబెట్టింది, ఎందుకంటే విచారణ గురించి బాధితురాలి కుటుంబానికి సరిగా చెప్పలేదు. 2024 ఆగస్టులో మేరీల్యాండ్ సుప్రీంకోర్టు 4-3 తేడాతో అదే నిలబెట్టింది. 2025 మార్చిలో, ఇప్పటిదాకా అనుభవించిన జైలు చాలని జడ్జి తేల్చారు. కాబట్టి ఆయన బయటే ఉన్నాడు, కానీ దోషి అన్న తీర్పు అలాగే ఉంది. ‘పాడ్‌కాస్ట్ ఒక అమాయకుణ్ని విడిపించింది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2022 నాటి ఆ విచారణలో హే మిన్ లీ తమ్ముడు జడ్జితో అన్న మాట మీ అక్క ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంటుంది. ఇది నాకు పాడ్‌కాస్ట్ కాదు, ఎప్పటికీ ముగియని నిజ జీవితం అని ఆయన అన్నాడు. ఆ కుటుంబం పాడ్‌కాస్ట్‌లో పాల్గొనలేదు. అందుకే పన్నెండు ఎపిసోడ్ల తర్వాత కూడా అద్నాన్ మనకు దగ్గరివాడిలా అనిపిస్తాడు, చనిపోయిన అమ్మాయి మాత్రం డైరీలోని కొన్ని వాక్యాలుగా మిగిలిపోతుంది.

ఇక ‘ఇన్ ద డార్క్’. అమెరికాలో ఏపీఎం రిపోర్ట్స్ అనే పబ్లిక్ రేడియో సంస్థ తరఫున మడలిన్ బరాన్ బృందం దీన్ని మొదలుపెట్టింది. 2023 నుంచి ‘ద న్యూయార్కర్’ పత్రిక దగ్గర ఉంది. రెండో సీజన్ 2018లో వచ్చింది. 1996 జులైలో మిసిసిపీ రాష్ట్రంలోని వినోనా అనే చిన్న ఊళ్లో, ఒక ఫర్నిచర్ షాపులో నలుగుర్ని కాల్చి చంపారు. అంతకుముందు ఆ షాపులో కొన్నాళ్లు పనిచేసిన కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుడిపై కేసు పెట్టారు. ఒకే నేరానికి, డగ్ ఎవాన్స్ అనే ఒకే ప్రాసిక్యూటర్, ఆయన్ని ఆరుసార్లు విచారణకు నిలబెట్టాడు. శిక్ష పడుతుంది, పై కోర్టు కొట్టేస్తుంది. లేదంటే జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి ఎంచుకున్న మామూలు పౌరుల బృందం, ఒక మాట మీదకు రాదు. మళ్లీ మొదటికి.

బరాన్ బృందం నెలల తరబడి మిసిసిపీలోనే ఉండిపోయింది. హంతకుడు ఎవరన్న సస్పెన్స్ మీద వాళ్లు సీజన్ కట్టలేదు. ప్రాసిక్యూషన్ కేసు మూడు స్తంభాల మీద నిలబడింది: ఆ ఉదయం ఫ్లవర్స్‌ను దారిలో చూశామన్న సాక్షులు, తుపాకీ, జైల్లో నా దగ్గర ఒప్పుకున్నాడు అని చెప్పిన తోటి ఖైదీ. వీటిలో ఒక్కోదాన్నీ ఒక్కో ఎపిసోడ్‌లో పట్టుకుని గట్టిగా ఊపి చూశారు. దారిలో చూశామన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, అప్పుడు ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎన్నాళ్ల తర్వాత అడిగారు అని మొదటి నుంచీ చెప్పించారు. చివరికి ఆ తోటి ఖైదీయే తాను చెప్పింది అబద్ధమని వాళ్లకు ఒప్పుకున్నాడు.

ఈ భాగం వింటుంటే నాకు మన కోర్టులే గుర్తొచ్చాయి. మన దగ్గర ఆ తోటి ఖైదీ పాత్రలో తరచుగా కనిపించేది వీఆర్వో. నిందితుడు తనంతట తానుగా వెళ్లి వీఆర్వో ముందు నేరం ఒప్పుకున్నాడని, ఆయన వాంగ్మూలం రాసుకుని స్టేషన్లో అప్పగించాడని ఎన్ని ఛార్జిషీట్లలో ఉంటుందో. ముక్కూ మొహం తెలియని అధికారి దగ్గరికి వెళ్లి ఒక మనిషి హత్య ఎందుకు ఒప్పుకుంటాడని డిఫెన్స్ లాయరు అడిగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోతుంది. మరుసటి రోజు పేపర్లో మాత్రం ఆ ప్రశ్న ఉండదు, ఎస్పీ ప్రెస్‌మీట్‌లో ముసుగులు వేసి నిలబెట్టిన నిందితుల ఫొటోనే జనానికి గుర్తుంటుంది. ‘ఇన్ ద డార్క్’ చేసింది ఆ ప్రెస్‌మీట్ ఫొటోకు సరిగ్గా వ్యతిరేకమైన పని.

ఆ సీజన్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది జ్యూరీల లెక్క. ప్రాసిక్యూటర్ నల్లజాతివాళ్లను జ్యూరీలోకి రానివ్వడం లేదన్న ఆరోపణ ఎప్పటి నుంచో ఉంది. దాన్ని అలా ఆరోపణగా వదిలేయకుండా, ఎవాన్స్ పరిధిలోని కోర్టులకు వెళ్లి పెట్టెల్లో ఉన్న ఫైళ్లను లక్షకు పైగా పేజీలు స్కాన్ చేశారు. 1992 నుంచి 2017 దాకా జరిగిన 225 విచారణల్లో జ్యూరీకి పిలిచిన 6,700 మందికి పైగా వివరాలు ఒక పట్టికలోకి ఎక్కించారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లను దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా తీసేశారని తేలింది. ఎపిసోడ్‌లో ఇది కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాని వెనక ఎన్ని నెలల దుమ్ము, ఎన్ని రాతపనులు ఉన్నాయో రికార్డు రూముల్లో తిరిగినవాళ్లకు తెలుస్తుంది.

2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఫ్లవర్స్ శిక్షను కొట్టేసింది. ఆరు విచారణల్లో కలిపి 42 మంది నల్లజాతి అభ్యర్థుల్లో 41 మందిని ప్రాసిక్యూషన్ తీసేసిందని తీర్పులో ఉంది. 2019 డిసెంబరులో ఆయన బెయిలు మీద బయటికొచ్చాడు, 2020 సెప్టెంబరులో అభియోగాలు ఎత్తేశారు. అప్పటికి 23 ఏళ్లు జైల్లో గడిచిపోయాయి. ఇక్కడా ఘనత అంతా పాడ్‌కాస్ట్‌కు కట్టబెట్టకూడదు. ఫ్లవర్స్ లాయర్లు ఏళ్ల తరబడి చేసిన పోరాటం అది. కానీ సాక్ష్యాల్లో మిగిలిన బలం ఎంతో ఊరికి, రాష్ట్రానికి, ఆ తర్వాత కేసు చేతికి తీసుకున్న అధికారులకు చూపించింది మాత్రం ఈ బృందమే.

మొదటి సీజన్ కూడా తక్కువదేం కాదు. 1989 అక్టోబరులో మినెసోటాలో జేకబ్ వెటర్లింగ్ అనే పదకొండేళ్ల పిల్లాణ్ని ఎత్తుకుపోయారు. సీజన్ 2016లో విడుదలయ్యే ముందే నేరస్తుడు ఒప్పేసుకున్నాడు. వేరేవాళ్లయితే సస్పెన్స్ పోయిందని సీజనే ఆపేసేవారు. వీళ్లు మాత్రం, మరి 27 ఏళ్లు ఎందుకు పట్టిందని అడిగారు. జవాబు షెరీఫ్ ఆఫీసు పనితీరులో దొరికింది.

తర్వాత చెప్పాల్సింది, పాడ్‌కాస్ట్ వల్ల నిజంగా అరెస్టులు జరిగిన సందర్భాల గురించి. ఆస్ట్రేలియాలో హెడ్లీ థామస్ చేసిన ‘ద టీచర్స్ పెట్’ 2018లో వచ్చింది. 1982 జనవరిలో సిడ్నీలో లినెట్ డాసన్ అనే ఇద్దరు పిల్లల తల్లి కనిపించకుండా పోయింది. ఇల్లు వదిలి వెళ్లిపోయిందని భర్త చెప్పాడు. ఆయన స్కూలు టీచరు, పేరున్న రగ్బీ ఆటగాడు. కొద్దిరోజులకే తన పాత విద్యార్థినిని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. పాడ్‌కాస్ట్ దుమారం రేపాక 2018 డిసెంబరులో ఆయన్ని అరెస్టు చేశారు. 2022 ఆగస్టులో దోషి అని తీర్పు వచ్చింది. 24 ఏళ్ల శిక్ష పడింది. శవం నేటికీ దొరకలేదు.

ఫలితం చూస్తే గొప్ప విజయం. వినే పద్ధతిలో మాత్రం నాకు ఇబ్బంది ఉంది. మొదటి ఎపిసోడ్ నుంచే ఆయన హంతకుడన్న స్వరం, అదే మాట పదేపదే. విచారణకు వచ్చేసరికి ఆ ప్రచారమే అడ్డమైంది. జ్యూరీ మీద ప్రభావం పడుతుందని 2019లో ఆస్ట్రేలియాలో పాడ్‌కాస్ట్‌నే తీసేయాల్సి వచ్చింది. ప్రచారం చల్లబడే దాకా అని ఒక జడ్జి విచారణను తొమ్మిది నెలలు ఆపేశారు. చివరికి జ్యూరీ లేకుండా ఒక్క జడ్జి ముందే విచారణ నడిచింది. నేరం చేసినవాడు తప్పించుకోవడానికి మన ఉత్సాహమే దారి చూపించే ప్రమాదం ఎంత నిజమో ఈ కేసు చెబుతుంది. పత్రికల హోరు విచారణను ఎలా తోసుకుపోతుందో మన దేశంలో నేవీ అధికారి నానావతి నిందితుడిగా నిలబడ్డ 1959 నాటి హత్య కేసులోనే చూశాం. అక్కడ జ్యూరీ ఇచ్చిన నిర్దోషి తీర్పును హైకోర్టు తిప్పికొట్టాల్సి వచ్చింది.

దీని పక్కన పెట్టి వినాల్సింది ‘యువర్ ఓన్ బ్యాక్‌యార్డ్’. 1996 మేలో కాలిఫోర్నియాలో క్రిస్టిన్ స్మార్ట్ అనే కాలేజీ విద్యార్థిని మాయమైంది. క్రిస్ లాంబర్ట్ జర్నలిస్టు కాదు, సంగీతకారుడు. ఆ ప్రాంతం వాడు. 2019లో ఒంటరిగా మొదలుపెట్టి, పోలీసులతో ఎప్పుడూ మాట్లాడని వాళ్లను మాట్లాడించాడు. 2021లో అరెస్టు, 2022 అక్టోబరులో దోషిగా తీర్పు. ఈయన గొంతులో ఆవేశం తక్కువ, ఓపిక ఎక్కువ. క్రిస్టిన్ ఎలాంటి అమ్మాయి అన్నది కూడా ఇందులోనే బాగా తెలుస్తుంది. బాధితురాలు మనిషిలా మిగిలిన సిరీస్ ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

‘ఎస్-టౌన్’ గురించి మీకు చాలామంది చెప్పి ఉంటారు. 2017 మార్చిలో ఏడు ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చాయి, నాలుగు రోజుల్లో కోటి డౌన్‌లోడ్లు దాటాయి. అలబామాలో పాత గడియారాలు బాగుచేసే జాన్ మెక్లెమోర్ తన ఊళ్లో హత్య జరిగిందని రేడియో విలేకరి బ్రయాన్ రీడ్‌కు కబురు పెడతాడు. ఆ హత్య జరగనే లేదు. కొన్నాళ్లకు జాన్ ఆత్మహత్య చేసుకుంటాడు. మిగతా కథంతా ఆ మనిషి గురించే. చెప్పే పద్ధతి అద్భుతం, ఒక పెద్ద నవల చదివినంత తృప్తి ఉంటుంది. అయినా దీన్ని మీకు సిఫారసు చేయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. జాన్ బతికుండగా బయటపెట్టొద్దన్న సంగతులు కొన్ని, ఆయన వ్యక్తిగత ప్రేమలు, ఒంటరితనం, చనిపోయాక లక్షలమందికి వినిపించారు. ఒద్దన్న మనిషి ఇక కాదనలేడు కాబట్టి చెప్పొచ్చు అన్న వాదన నాకు నచ్చదు. ఆయన పోయాక ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్ల తరఫున కోర్టులో దావా పడింది, 2020లో రాజీతో ముగిసింది. ఇవన్నీ తెలిసీ వింటానంటే వినండి, కానీ ఆత్మహత్య గురించిన భాగాలు చాలా వివరంగా ఉంటాయి. మనసు బాగోలేని రోజు వద్దు.

‘కాలిఫేట్’ సంగతి త్వరగా చెప్పేస్తాను. 2018లో న్యూయార్క్ టైమ్స్ తీసుకొచ్చిన ఈ సిరీస్‌లో, సిరియాలో ఐసిస్ తరఫున హత్యలు చేశానని కెనడాలో ఉండే ఒక యువకుడు చెబుతాడు. 2020 సెప్టెంబరులో అతన్ని కెనడా పోలీసులు అరెస్టు చేసింది ఉగ్రవాదానికి కాదు, అబద్ధపు కథ అల్లినందుకు. డిసెంబరులో పత్రిక తప్పు ఒప్పుకుని, ప్రసార రంగంలో పేరున్న పీబడీ అవార్డు వస్తే దాన్ని తిరిగి ఇచ్చేసింది. నేనైతే కొత్తగా పాడ్‌కాస్ట్ చేయాలనుకునేవాళ్లకు దీన్ని పాఠంగా వినమంటాను. అతని మాటల మీద సందేహం వచ్చిందని వాళ్లే ఒక ఎపిసోడ్‌లో చెబుతారు, చెప్పి కూడా ముందుకు వెళ్లిపోతారు. ఒక మనిషి గొంతు అంత దగ్గరగా, అంత వివరంగా వినిపిస్తుంటే ఆధారం అడగడం ఎలా మరిచిపోతామో అక్కడే కనిపిస్తుంది.

ఇద్దరు స్నేహితులు కూర్చుని కబుర్లాడుతూ వారానికో హత్య చెప్పే షోలను నేను వినను. వాటిలో పేరున్న ‘క్రైమ్ జంకీ’ మీద 2019లో ఒక మాజీ విలేకరి, నా కథనాన్ని నా పేరు చెప్పకుండా వాడుకున్నారని బయటికొచ్చారు. కొన్ని ఎపిసోడ్లు తీసేశారు. ఎండల్లో, మార్చురీల ముందు నిలబడి ఎవరో తెచ్చిన వార్తను ఏసీ గదిలో చదివేసి సొంతం చేసుకోవడం నాకు మింగుడుపడదు.

హత్యలే వద్దు అనుకుంటే ‘ద మిస్సింగ్ క్రిప్టోక్వీన్’ వినండి. బీబీసీ 2019లో మొదలుపెట్టింది, చెప్పేది జేమీ బార్ట్‌లెట్. రుజా ఇగ్నతోవా అనే బల్గేరియా మహిళ వన్‌కాయిన్ అనే క్రిప్టోకరెన్సీ పేరుతో ప్రపంచమంతా వేల కోట్లు వసూలు చేసి, 2017 అక్టోబరులో సోఫియా నుంచి ఏథెన్స్ విమానం ఎక్కి మాయమైపోయింది. ఎఫ్‌బీఐ ఆమెను 2022లో టాప్ టెన్ పరారీ నిందితుల జాబితాలో పెట్టింది. కాయిన్ వెనక ఉండాల్సిన బ్లాక్‌చెయినే, అంటే లావాదేవీలు నమోదయ్యే డిజిటల్ చిట్టాయే లేదని తెలిసే సన్నివేశం చాలా బాగుంటుంది. కానీ నన్ను కదిలించింది మోసపోయినవాళ్ల గొంతులు. బంధువుల్ని తామే చేర్పించామన్న సిగ్గుతో బయటికి చెప్పుకోలేనివాళ్లు వాళ్లు. గొలుసుకట్టు పథకాల్లో, ఎగ్గొట్టిన చిట్టీల్లో డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు మన దగ్గర ఊరూరా ఉన్నాయి. విదేశీ కథే అయినా ఇది మనకు వివరించాల్సిన పని లేదు. 2017లో నవీ ముంబయి పోలీసులు కూడా వన్‌కాయిన్ ఏజెంట్లను అరెస్టు చేశారు.

సైన్స్ ఇష్టమైతే ‘బేర్ బ్రూక్’. న్యూ హ్యాంప్‌షైర్ అడవిలో 1985లో ఒక పీపాలో రెండు శవాలు, 2000లో మరో పీపాలో ఇంకో రెండు దొరుకుతాయి. డీఎన్ఏతో వంశవృక్షాలు వెతికి పేర్లు తేల్చే పద్ధతి ఎలా పుట్టిందో ఇందులో నింపాదిగా, అర్థమయ్యేలా చెబుతారు.

ఇప్పుడు మీ అక్క ప్రశ్నకు వస్తాను. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. దాన్ని పక్కకు నెట్టేయకండి. అయితే వినడమే తప్పు అని నేను అనను. నేరం అంటే బాధితుల ఇంటి వ్యవహారం ఒక్కటే కాదు. పోలీసు, ప్రాసిక్యూటరు, జడ్జి అందరూ జనం పేరుతో పనిచేసేవాళ్లే కాబట్టి, వాళ్లు ఎలా పనిచేశారో వినే హక్కు జనానికి ఉంది. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, చనిపోయిన మనిషి అరుపుల్ని ఊహించి డైలాగులు రాసినప్పుడు, కుటుంబాన్ని అడక్కుండా ఆ ఇంటి గుట్టు చెప్పినప్పుడు. ‘ఇన్ ద డార్క్’ మూడో సీజన్ 2024లో వచ్చింది. 2005 నవంబరులో ఇరాక్‌లోని హదీతాలో అమెరికా మెరీన్లు 24 మంది పౌరుల్ని చంపిన ఘటన మీద అది. సైన్యం దాచిపెట్టిన ఫొటోల కోసం ఈ బృందం కోర్టుకెళ్లింది. చనిపోయినవాళ్ల బంధువులే ఇద్దరు ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, ఫొటోలు బయటపెట్టడానికి మాకు అభ్యంతరం లేదని మిగతా కుటుంబాల సంతకాలు తెచ్చారు. ఆ సీజన్‌కు 2025లో పులిట్జర్ వచ్చింది. మీ అక్కకు ఈ సంగతి చెప్పండి. అడిగి చేస్తే బలహీనపడుతుందని చాలామంది అనుకుంటారు, ఇక్కడ అడగడం వల్లే పని పూర్తయింది.

చివరగా తెలుగు. యూట్యూబ్‌లో తెలుగు నేర కథలకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ శాతం పేపర్ కటింగు, ఛార్జిషీటు, ఊహ మూడూ కలిపేసినవి. ఏది పోలీసులు చెప్పింది, ఏది కోర్టు నమ్మింది, ఏది చెప్పేవాళ్లు కల్పించింది అన్న గీత ఎక్కడా ఉండదు. ఛార్జిషీటు అంటే ఆరోపణ మాత్రమే అని ఒక్కసారి కూడా చెప్పని ఛానెళ్లున్నాయి. అత్యాచార బాధితుల పేరు, ఫొటో పెట్టడం నేరమని కూడా చాలామందికి తెలియదు. ఒకప్పుడు ఐపీసీ 228ఏ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 72వ సెక్షన్. బాధితురాలు చనిపోయినా ఇది వర్తిస్తుందని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఏడాది కూడా గడవకుండానే, 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘటనలో వెటర్నరీ డాక్టరు పేరు, ఫొటో మన ఫోన్లన్నిటిలో తిరిగాయి. పోలీసులు ‘దిశ’ అని పేరు పెట్టాల్సి వచ్చింది. నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఎన్‌కౌంటర్ కథనం నమ్మదగినది కాదని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక చెప్పినప్పుడు అంతే గట్టిగా మాట్లాడినవాళ్లు ఎంతమంది?

‘ఇన్ ద డార్క్’ లాంటి పని తెలుగులో ఎవరైనా చేస్తానంటే నేను చూపించే కేసు ఒకటుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిపై అత్యాచారం, హత్య. పేరు రాయను, కారణం పైనే చెప్పాను. 2008లో ఒక పేద యువకుణ్ని అరెస్టు చేశారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. ఇతను చేయలేదని మొదటి నుంచీ గట్టిగా చెప్పింది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. అప్పటికే కోర్టులో భద్రంగా ఉండాల్సిన సాక్ష్యాలు ధ్వంసమయ్యాయని తేలి, కోర్టు సిబ్బంది మీద కూడా సీబీఐ కేసు పెట్టింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పరీక్షలు చేశారు. ఇందులో హంతకుడెవరో ఊహించే ఎపిసోడ్ నాకొద్దు. అరెస్టు రోజు నుంచి విడుదల రోజు దాకా ఒక్కో కాగితం ఎవరి చేతిలో ఎలా మారిందో వరుసగా చెప్పే పది ఎపిసోడ్లు కావాలి. తీర్పులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అప్పటి విలేకరులు, లాయర్లు చాలామంది ఇంకా ఉన్నారు. కావాల్సింది, ఏడాది పాటు జీతం ఇచ్చి ఇద్దరు ముగ్గుర్ని ఇదే పనిలో కూర్చోబెట్టే సంస్థ. తెలుగులో రానిది టాలెంట్ లేక కాదు, ఆ జీతం ఎవరూ ఇవ్వకపోవడం వల్ల.

మీ ఇంగ్లీషు గురించి టెన్షన్ పడుతున్నారు కాబట్టి వినే వరుస చెబుతాను. ముందు ‘డెత్ ఇన్ ఐస్ వ్యాలీ’తో మొదలుపెట్టండి. 1970 నవంబరులో నార్వేలోని బెర్గెన్ దగ్గర కాలిపోయి దొరికిన, నేటికీ పేరు తెలియని మహిళ కేసు. బీబీసీ, నార్వే రేడియో కలిసి చేశాయి, ఉచ్చారణ స్పష్టంగా, నెమ్మదిగా ఉంటుంది. తర్వాత క్రిప్టోక్వీన్. ఆ తర్వాత ‘యువర్ ఓన్ బ్యాక్‌యార్డ్’, చెవికి అలవాటు పడ్డాక ‘ఇన్ ద డార్క్’ రెండో సీజన్. మిసిసిపీ యాస మొదట అర్థం కాదు. వాళ్ల వెబ్‌సైట్‌లో ట్రాన్‌స్క్రిప్టులు ఉన్నాయి, మొదటి రెండు ఎపిసోడ్లు అవి ముందు పెట్టుకుని వినండి, స్పీడు 0.8కి తగ్గించండి. హదీతా సీజన్ మాత్రం నైట్ డ్యూటీలో ఒంటరిగా వద్దు. అందులో పిల్లల చావులున్నాయి. పగలు, మీ అక్క కూడా పక్కనుంటే ఇంకా మంచిది.